ముడుచుకున్న రెండు వేళ్లు

పియానో మీద కుడిచేతికి పాట ఎక్కువగా చివరి రెండు వేళ్ల మీదే నడుస్తుంది. కలిపి నొక్కే స్వరాల్లో అన్నిటికన్నా పైది వాటి వంతు. అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్‌కు 1964లో, 36 ఏళ్ల వయసులో, సరిగ్గా ఆ ఉంగరపు వేలూ చిటికెన వేలే అరచేతిలోకి ముడుచుకుపోసాగాయి. సాధన పెంచారు. వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి.

జబ్బు ఫోకల్ డిస్టోనియా. లోపం చేతిలో లేదు, మెదడు పంపే ఆజ్ఞల్లో ఉంది. వేలిని ముడిచే కండరం, చాచే కండరం ఒకేసారి బిగుస్తాయి. ఆ పేరు తెలియడానికే ఆయనకు ఏళ్లు పట్టింది. ఈలోగా బాల్టిమోర్‌లో పాఠాలు చెప్పారు, ఆర్కెస్ట్రాలు నడిపారు, ఎడమచేతి కోసం రాసిన సంగీతాన్ని పట్టుకున్నారు.

అందులో నాకు ప్రాణం షకోన్. బాఖ్ ఒక్క వయొలిన్ కోసం రాసిన దాన్ని బ్రామ్స్ ఒక్క ఎడమచేతికి మలిచారు. ఎడమచేతికి పైవైపు ఉండేది బొటనవేలు, అంటే పాట ఇప్పుడు బలమైన వేలిది. చిక్కల్లా ఆ బలంతోనే: ఏమరితే మోటుగా మోగుతుంది. ఫ్లైషర్ బొటనవేలు కొట్టదు, పాడుతుంది. చిటికెన వేలు మంద్రస్వరాన్ని తాకి వదిలేస్తే పెడల్ దాన్ని నిలబెట్టాలి. చేయి పైకెళ్లి వచ్చేదాకా అది ఆరకూడదు, పై స్వరాలతో కలిసి మసకబారకూడదు. ఆ పని పాదానిది. ఈ రచన వాయించేది చేయీ పాదమూ కలిసి.

1990లలో బొటాక్స్ ఇంజెక్షన్లు దారి తెరిచాయి. నరం కండరానికి పంపే సంకేతాన్ని ఆ మందు కొన్ని నెలలు అడ్డుకుంటుంది, తర్వాత మళ్లీ చేయించుకోవాలి. జబ్బు పోదు, పట్టు సడలుతుంది. అలా 2004లో ‘టూ హ్యాండ్స్’ ఆల్బమ్ వచ్చింది. అందులో షూబర్ట్ చివరి సొనాటా మొదలు వినండి. అతి మెల్లని పాట, పై స్వరం మళ్లీ ఆ రెండు వేళ్లదే. ఇంత మెల్లగా వాయించేటప్పుడు తడబాటును దాచడానికి చోటుండదు. కాసేపటికి ఎడమచేయి మంద్రంలో చిన్నగా కంపిస్తుంది, తర్వాత మౌనం. మళ్లీ ఆ వేళ్లే పాట అందుకుంటాయి.

మీ ఇంట్లో వీణో వయొలినో వాయించేవారి వేలు వద్దన్నా ముడుచుకుంటుంటే సాధన చాల్లేదని మందలించకండి. న్యూరాలజిస్టుకు చూపించండి.