టీవీలో మన ఆడపిల్ల ఎక్కడ?

మా ఆశ్రమ పాఠశాలలో ఆదివారం టీవీ పెడితే ఆడపిల్లలే ముందు వరుసలో కూర్చుంటారు. వాళ్లు చూసే సీరియళ్లలో ఆడవాళ్లకు కొదవ లేదు. కానీ గడప దాటి పనికి వెళ్లేవాళ్లు తక్కువ. పోడులో పనిచేసే తల్లుల్ని చూసి పెరిగిన మా పిల్లలకు ఇది వింతగా ఉండాలి. అలవాటైపోయింది.

ఈ రంగంలో స్త్రీలు ఎదగలేదని మేము అనడం లేదు. దూరదర్శన్‌లో ‘ఋతురాగాలు’, తర్వాత జెమినిలో ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ తీసిన దర్శకురాలు మంజులానాయుడు. ఏళ్ల తరబడి సాగే కథను, అంతమంది నటులను ఒక స్త్రీ నడిపించింది. అయినా ‘మొగలిరేకులు’ అనగానే జనానికి గుర్తొచ్చేది పోలీసు ఆర్.కె.నాయుడే. తెరమీద కనిపించడం వేరు, కథ నడిపే చోట కూర్చోవడం వేరు. ఆ రెండో చోటును మన పిల్లలకు ఎవరూ చూపించడం లేదు.

మంగ్లి సంగతి చూద్దాం. అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతపు తండాలో పుట్టిన లంబాడ బిడ్డ. వీ6 చానెల్లో ‘మాటకారి మంగ్లి’గా తెలంగాణ యాసలో మాట్లాడి పేరు తెచ్చుకుంది. తండా బిడ్డ గొంతు ఇంటింటా వినిపించడం మనకు గర్వమే. అయితే ఆమెకు పేరు తెచ్చింది తండా భాష కాదు, మరో ప్రాంతపు యాస. ఆ యాసకైనా టీవీలో ఎక్కువగా దొరికిన చోటు నవ్వించే కార్యక్రమమే. ప్రధాన వార్తలు బడి పుస్తకాల తెలుగులోనే సాగుతాయి. ఇక కోయ, గోండి, కువి మాటలకు చోటెక్కడ?

మన గూడేల ఆడవాళ్లు టీవీలో కనిపించేది డోలీలో మోసుకెళ్లే గర్భిణిగా, లేదంటే పండగనాటి థింసా వరసలో. మైకు పట్టుకుని ప్రశ్న అడిగేది బయటివాళ్లే.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరోజు అడిగింది: “టీచర్, మా మాట ఇలా ఉంటే టీవీలో తీసుకుంటారా?” మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. తప్పంతా చానెళ్లదే అనుకుంటే మనసుకు హాయిగా ఉండేది. కానీ ఆ పిల్ల పలుకును రోజూ దిద్దుతున్నది మేమే.

చదువయ్యాక ఏంటని అడిగితే నర్సింగ్, టీచర్ ట్రైనింగ్ దగ్గరే మన సలహాలు ఆగిపోతున్నాయి. డిగ్రీ చేసినవాళ్లకు పుణేలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్ నేర్పుతారు. ఎస్టీలకు సీట్ల కేటాయింపు ఉంది. ఈ దారి కూడా ఉందని మనమే చెప్పాలి.

ఉదయం ప్రార్థనలో వార్తలు చదివే వంతు ఇప్పుడు ఆ అమ్మాయికిచ్చాం. తెలుగులో ఒకసారి, కువిలో ఒకసారి చదువుతోంది. మేము దిద్దడం లేదు.