ఇంటిపేరు నిలిపేదెవరు?

మొన్న నెల్లూరులో మా వాళ్లింట పెళ్లికి వెళితే, తాంబూలంతోపాటు చేతిలో ఓ పుస్తకం పెట్టారు. మా వంశవృక్షం! వరసకు అన్నయ్య అయ్యే పెద్దాయన ఏళ్లతరబడి తిరిగి కూర్చాడు. ఏడు తరాల మగవాళ్లున్నారు. ఎవరికి ఏ ఊళ్లో ఎంత మాగాణి ఉండేదో కూడా ఉంది. ఆ ఓపికకు దణ్ణం పెట్టాల్సిందే.

మా నాయనమ్మ కోసం వెతికాను. తాతయ్య పేరు కింద "భార్య" అని ఉంది. అంతే.

"ఆడోళ్ల పేర్లన్నీ యాడ రాసేది అమ్మణ్ణీ? ఇంటిపేరు నిలిపేది మగపిల్లోళ్లే గదా!" అన్నాడు నవ్వుతూ.

నిజమేనా? పులికాట్ సరస్సు మీకు తెలుసు. దాన్లో ఎక్కువ భాగం పాత నెల్లూరు జిల్లాదే. పులికాట్ ఊరు మాత్రం దక్షిణపు కొసన, తమిళనాడులో ఉంది. 1613 నాటికి డచ్చివాళ్లు అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. అద్దకం బట్టలతోపాటు మనుషుల్నీ కొని ఓడలెక్కించారు.

ఆ ఊళ్లో పుట్టిన ఓ పిల్ల, నేటి జకార్తా అయిన బతావియాలో బానిస. 1656లో తనపై చెయ్యి చేసుకున్న ప్రియుణ్ణి ఎదురు కొట్టింది. వాడు చచ్చిపోయాడు. మరణశిక్ష వేసి, తర్వాత దాన్ని తగ్గించి ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కు పంపేశారు. కాగితాల్లో ఆమె కత్రైన్ వాన్ పాలియాకట్ట. వాన్ అంటే 'నుంచి'. కోట కట్టించిన దొర వెమ్మర్ వాన్ బెర్ఖెమ్ పేరులోనూ అదే 'వాన్'. ఆయనకది వంశగౌరవం. ఈమెకు, సరుకు మూట మీద రాసిన ఊరి పేరు.

కేప్‌లో ఓ సైనికుడివల్ల ఆమెకు కొడుకు పుట్టాడు. 1669లో బాప్తిస్మమిచ్చారు. క్రిస్టాఫెల్ స్నైమన్. ఇంటిపేరు తండ్రిదే, స్నైమన్ అంటే కత్తిరించేవాడు, మన దర్జీ అన్నమాట. కానీ పెంచింది తల్లి. ఆ పిల్లవాడు పెద్దయి, శరణుకోరి వచ్చినవాళ్లమ్మాయిని చేసుకున్నాడు. ఇవాళ దక్షిణాఫ్రికాలో స్నైమన్లు కోకొల్లలు. తెలుపు, నలుపు అని చట్టాలే గిరిగీసిన ఆ దేశంలో, 1994 దాకా, ఇలాంటి ముత్తవ్వ ఉందని ఎవరు చెప్పుకుంటారు?

మా అన్నయ్య పుస్తకంలో ఇంకో చిక్కుంది. ఇంటిపేరులో ఊరుంది గనక మూలపురుషుడు అక్కడివాడే అని రెండు పేజీల్లో తేల్చేశాడు. బెజవాడ గోపాలరెడ్డిగారు 1907లో పుట్టింది మన బుచ్చిరెడ్డిపాళెంలో. ఇంటిపేరు చూసి బెజవాడలో ఆయన పురిటిల్లు వెతుకుతామా? రాజుగారు అగ్రహారమిచ్చారన్న కథకు ఆధారం లేకపోయినా అచ్చయింది. మా నాయనమ్మ పేరు పది మందికి తెలిసినా అచ్చుకెక్కలేదు.

కత్రైన్ పేరు మనదాకా రావడానికి కారణం కోర్టు. ముద్దాయి గనక రాసుకున్నారు. మా నాయనమ్మ ఎవర్నీ కొట్టలేదు మరి!

రెండో ముద్రణ వేస్తారట. నాకు తెలిసిన కోడళ్ల పేర్లు, వాళ్ల పుట్టింటి ఇంటిపేర్లు పేజీల అంచుల్లో రాసి అన్నయ్యకు పంపాను. ముగ్గురివి మాత్రం ఎవర్ని అడిగినా తెలియలేదు.