వేళ్లకు పనికొచ్చే ఫైలు

పాత ‘అను’ ఫాంట్లతో కూర్చిన తెలుగు పీడీఎఫ్ కంటికి ఎంత ఇంపుగా ఉన్నా, బ్రెయిల్ నోట్‌టేకర్‌లోకి ఎక్కించగానే అర్థంలేని ఇంగ్లిషు గుర్తుల వరుసగా మారిపోతుంది; ఆ ఫాంట్లు తెలుగు అక్షరాన్ని అక్షరంగా కాక, ఇంగ్లిషు గుర్తుల చోట కూర్చోబెట్టిన రూపంగా మాత్రమే దాస్తాయి. ఈ వారం అటువంటి పాఠమొకటి ఎదురవడంతో, తెలుగు రాత ఏదైనా యూనికోడ్‌లోనే ఉండాలన్న ఈ శీర్షిక పాత పట్టు మళ్లీ ముందుకొచ్చింది.

నోట్‌టేకర్ అంటే బ్రెయిల్ మీటలతో రాసుకుని, పైకి లేచే చుక్కల వరుసను వేళ్లతో తడిమి చదువుకునే చిన్న యంత్రం. ఎస్‌డీ కార్డులోని ఫైళ్లను చదివించే ఆర్బిట్ రీడర్ 20లో ఆ వరుసకు 20 గళ్లు ఉంటాయి. యూనికోడ్‌లోని తెలుగు ఆ గళ్లలోకి రావాలంటే అక్షరాలను చుక్కలుగా మార్చే పట్టిక యంత్రంలో ఉండాలి. లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పట్టిక ఉన్నా, ప్రతి యంత్రంలోనూ అది ఉంటుందన్న భరోసా లేదు. పట్టిక లేనిచోట శుద్ధమైన యూనికోడ్ పాఠం సైతం వేళ్లకు అందదు.

బీఆర్‌ఎఫ్ అనే ఫైలుకు ఈ చిక్కు లేదు, ఎందుకంటే అందులో ఉండేది భాష కాదు, చుక్కలే; ఆరు చుక్కలతో ఏర్పడే 64 రూపాలకు ఒక్కొక్క సాధారణ గుర్తు చొప్పున అది దాచుకుంటుంది. ఒక రైతుబిడ్డ ‘పసుపు’ అని రాస్తే, భారతీయ భాషల కోసం 1951లో ఆమోదం పొందిన భారతి బ్రెయిల్‌లో హల్లు తర్వాత గుణింతపు అచ్చును విడిగా రాస్తారు గనుక, అది అయిదు గళ్లవుతుంది. అదే బీఆర్‌ఎఫ్ ఫైలును కంప్యూటర్‌లో తెరిస్తే పి, ఎస్, యు, పి, యు అనే అయిదు ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. చూపున్న ఉపాధ్యాయుడికి అది పిచ్చిరాతగా తోచినా, బ్రెయిల్ వచ్చిన వేలికి స్వచ్ఛమైన తెలుగే.

బీఆర్‌ఎఫ్‌కూ లోపాలున్నాయి. సాధారణంగా వరుసకు 40 గళ్ల కాగితపు పేజీ కొలతతో తయారయ్యే ఆ పాఠం 20 గళ్ల యంత్రంలో ముక్కలవుతుంది. దాన్ని దిద్ది తిరిగి అచ్చు తెలుగులోకి తేవడమూ తేలిక కాదు. అందువల్ల దిద్దవలసిన, ఉపాధ్యాయుడికి ఇవ్వవలసిన మూలప్రతిని వర్డ్ ఫైలుగా యూనికోడ్‌లో ఉంచుకోవడమే మేలు. చదువుకోవడానికి మాత్రం, ఈ శీర్షిక ఇన్నాళ్లూ చెప్పినదానికి విరుద్ధంగానే, బీఆర్‌ఎఫ్‌దే పైచేయి.

చూపులేనివారికి పుస్తకాలను అందుబాటులోకి తెచ్చే మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ధ్రువీకరించిన దేశం భారత్. ఆ స్ఫూర్తితో, పసుపు పండే ఆర్మూర్, ఆలూర్‌లలో పిల్లల పాఠాలు, పసుపు ధరల పట్టికలు టైపు చేసేవారు పీడీఎఫ్‌తో సరిపెట్టకుండా, యూనికోడ్ ప్రతిని, దాని నుంచి తీసిన బీఆర్‌ఎఫ్‌ను కలిపి ఇవ్వాలని విన్నపం.