గీత దాటని అంచు

మణికట్టు బ్రేస్ మంచిదో కాదో చెప్పాలంటే అంచులు చూడాలి. ముంజేతి ఎముకకు ప్లేటు, స్క్రూలు బిగించాక మణికట్టును కదలనివ్వకుండా ఉంచడం ఏ బద్దయినా చేస్తుంది. వేళ్లనూ బొటనవేలినీ స్వేచ్ఛగా వదలడంలో ఉంది అసలు పనితనం.

థెరపిస్టు రోగి చేతిమీదే తయారుచేసే థర్మోప్లాస్టిక్ స్ప్లింట్ సంగతే తీసుకుందాం. 3 మిల్లీమీటర్ల మందమున్న రేకు, 70 డిగ్రీల వేడినీళ్లలో తడిసిన అప్పడంలా వాలిపోతుంది. తీసి, తుడిచి, చురుకు తగ్గాక చేతికి వేస్తారు. అది మళ్లీ బిగుసుకునేలోగా ఉండేది కొద్ది నిమిషాలే. అరచేతి గుంట, మణికట్టు వంపు అన్నీ ఆలోపే కుదరాలి. చేయి తిరిగినవారు వేలికొసలతో నొక్కరు, అరచేత్తో నిమురుతారు. బయట పడిన ప్రతి నొక్కూ లోపల బొడిపై చర్మాన్ని ఒత్తుతుంది మరి.

ఇక అరచేయి. జాతకాలు చెప్పేవాళ్లు హృదయరేఖ, ఆయుర్దాయరేఖ అనేవే ఇక్కడ కత్తెరకు హద్దులు. హృదయరేఖను అంచు దాటిందా, పిడికిలి మూతపడదు. వారాల తరబడి అలాగే ఉంటే వేళ్ల మొదళ్లు బిగుసుకుపోతాయి. ఆ అంచు అడ్డంగా తిన్నగా ఉండకూడదు, చూపుడువేలి నుంచి చిటికెనవేలి వైపు ఏటవాలుగా దిగాలి. పిడికిట్లో పెన్సిల్ పట్టుకుంటే ఆ వాలు మీకే కనిపిస్తుంది. ఆయుర్దాయరేఖ వెంబడి కోసిన వంపు బొటనవేలి కోసం.

నాకు ముచ్చటేసేది మాత్రం మణికట్టు పక్కన, చిటికెనవేలి వైపు పొడుచుకొచ్చే ఎముక దగ్గరి పని. స్ప్లింట్ అయ్యాక లోపల మెత్త అంటిస్తే చోటు ఇరుకై ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అందుకని మెత్తను ముందే చర్మంమీద పెట్టి, దానిపైన రేకు వేస్తారు. ఎముకకూ మెత్తకూ కలిపి గుంట దానంతటదే ఏర్పడుతుంది.

మోచేతి వైపు ముంజేతిలో మూడింట రెండువంతుల దగ్గర ఆపి, అంచును కాస్త బయటికి విప్పుతారు. మూలలన్నీ గుండ్రం.

మందులషాపులో దొరికే రెడీమేడ్ బ్రేస్‌ను తీసిపారేయను. అందులోని అల్యూమినియం పట్టీని వంచుకోవచ్చు. కానీ చిన్న చేతులవారికి దాని అంచు తరచు గీత దాటేస్తుంది.

వాపు తగ్గి స్ప్లింట్ వదులైతే చాలాసార్లు అదే ముక్కను మళ్లీ వేడినీళ్లలో ముంచి సరిచేస్తారు. ఆ గుణం వల్లే ఒక జాగ్రత్త కూడా చెబుతారు: ఎండలో ఆపిన కారులో దాన్ని వదిలేయొద్దు, ఆకారం పోతుంది.