బరువు ఎంతని రాశారు?

తిరుమలాయపాలెంలో ఓ మందుల దుకాణం ముందు ఈ వారం నాకు ఒళ్లు మండింది. నెల నిండని మనవరాలిని ఒళ్లో వేసుకుని ఓ నాయనమ్మ విటమిన్-డి చుక్కలు ఇంకో సీసా అడుగుతోంది. నెలంతా రావాల్సిన సీసా వారం తిరక్కుండానే ఎట్లా అయిపోయిందమ్మా అంటే, ‘‘డ్రాపర్ పలిగింది సారూ. మావోడి దగ్గుమందు మూతతోటి పోస్తున్నం. బలం మందే గదా, జర ఎక్కువైతే ఏమైతది?’’ అంది.

ఆ మూత నిండితే 5 మిల్లీలీటర్లు. పసిబిడ్డకు రోజుకు కావాల్సింది 400 యూనిట్లు. ఆమె చేతిలోని సీసాలో ఒక్క మిల్లీలీటరుకే అంత ఉంది. అంటే అయిదు రోజుల మందు ఒక్క పూటకే పోసిందన్నమాట. మిల్లీలీటరుకు 800 యూనిట్ల సీసాలూ దొరుకుతున్నాయి. అదే అయ్యుంటే లెక్క పదింతలు. ఈ విటమిన్ ఒంట్లో పేరుకుంటే రక్తంలో కాల్షియం పెరుగుతుంది, వాంతులు మొదలవుతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. పాపను వెంటనే డాక్టరుకు చూపించమని దుకాణదారూ నేనూ పోరుపెట్టి పంపాం.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాట కొత్త కాదు. పసిబిడ్డకు తల్లిపాలే మందు, ఆముదం వద్దు, వస వద్దు, గ్రైప్ వాటర్ అసలే వద్దు. 1851లో ఇంగ్లండులో పుట్టిన ఆ గ్రైప్ వాటర్‌లో చాలాకాలం సారాయి కూడా కలిసేది. మత్తుకు కళ్లు మూతపడితే కడుపునొప్పి తగ్గిందని మురిసిపోయారు.

డాక్టర్లు ఇచ్చినవీ తక్కువ తినలేదు. 1950ల్లో పురిటి బిడ్డలకు క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయోటిక్ ధారాళంగా ఇచ్చారు. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి ఆ లేత కాలేయానికి ఇంకా రాలేదు. మందు రక్తంలోనే నిలిచిపోయి పిల్లలు బూడిదరంగుకు తిరిగి, ఒళ్లు చల్లబడి చనిపోయారు. కారణం 1959లో గానీ తేలలేదు. మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరెత్తకుండా నాకు పొద్దుపోదు. ఆయన ఆధ్వర్యంలో 1948లో వెలువడిన యాంటీబయోటిక్ ఆరియోమైసిన్ ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. ఆ టెట్రాసైక్లిన్ జాతి మందులే పిల్లల ఎదిగే పళ్లలో చేరి మరకలు పెట్టాయి.

ఇక పసిగుడ్డుకు మందే వద్దంటాడు ఈయన అనుకుంటున్నారు కదూ? ప్రాణహిత దాటి మహారాష్ట్రలోని గడ్చిరోలి దాకా రండి. అడవీ, ఆసుపత్రికి దూరమూ మన ఏజెన్సీలో ఉన్నట్టే ఉంటాయి. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు అక్కడ 39 ఊళ్లలో పెద్దగా చదువుకోని ఆడవాళ్లకు తర్ఫీదు ఇచ్చారు. వాళ్లు గుడిసె గుడిసెకూ వెళ్లి బిడ్డను తూచారు, శ్వాస లెక్కపెట్టారు. రక్తంలో ఇన్ఫెక్షన్ (సెప్సిస్) లక్షణాలు కనిపిస్తే బరువును బట్టి జెంటామైసిన్ సూది వేశారు, కోట్రైమోక్సజోల్ సిరప్ పట్టారు. జెంటామైసిన్ మోతాదు మించితే కిడ్నీలకూ చెవులకూ ముప్పు. అయినా వాళ్ల చేతుల్లో నెలలోపు శిశువుల మరణాలు, పక్క ఊళ్లతో పోలిస్తే, 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ పత్రిక ఆ సంగతి అచ్చేసింది. ఆశా కార్యకర్తలు ఇవాళ బాలింత ఇంటికి వచ్చి బిడ్డను తూచడం వెనక ఆ అనుభవమే ఉంది. పెద్దాసుపత్రికి పోలేని పరిస్థితుల్లో ఏఎన్ఎం జెంటామైసిన్ వేయవచ్చని 2014లో కేంద్రమూ ఒప్పుకుంది.

పెద్ద చదువులున్న చేతిలో మందు ప్రాణం తీసింది, పెద్దగా చదువు లేని చేతిలో నిలబెట్టింది. తేడా తూకంలో ఉంది. అందుకే ‘ఏదీ వద్దు’ అనే పాటకు నేనే ఓ చరణం కలపాలి. ఆ పాట మరీ తలకెక్కినవాళ్లు పుట్టగానే వేసే విటమిన్-కె సూదికి కూడా అడ్డం పడుతున్నారు. ఒక్క మిల్లీగ్రాము మందు అది. కిలో కన్నా తక్కువ బరువుంటే అందులో సగమే. అది పడకపోతే మెదడులో రక్తం కారే ప్రమాదం ఉంది.

చుక్కల మందు అమ్మే ప్రతి దుకాణమూ సూదిలేని సిరంజి ఒకటి చేతికిచ్చి, ఎక్కడిదాకా లాగాలో గీత పెట్టి చూపించాలి. ఇక ఇంట్లోవాళ్లు: బిడ్డ పాలు మానేసినా, ఒళ్లు చల్లబడినా, డొక్కలు ఎగరేస్తున్నా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో సూది తీస్తే వద్దనకండి. బిడ్డ బరువు ఎంతని రాశారో మాత్రం అడగండి.