సోమనాథుని కావ్యములందు దేశత్యాగము

ఓరుగంటి సీమలోని పాలకుర్తియే పాల్కురికి సోమనాథుని జన్మస్థలమని పెక్కురు పరిశోధకుల మతము. ఆతని ద్విపద కావ్యములు రెంటను, అనఁగా బసవపురాణమునందును బండితారాధ్య చరిత్రమునందును, నాయకుఁడు రాజును ధిక్కరించి రాజ్యమును విడుచును. ఈ దేశత్యాగము భక్తిమహిమకు నిదర్శనముగాఁ బ్రశంసింపఁబడుచున్నది. అది యెంతవఱకు సర్వజనులకు వర్తించునో విచారింపఁదగియున్నది.

బసవపురాణమున బిజ్జలుఁడు భక్తు లిద్దఱి కన్నులు పెఱికించెను. బసవేశ్వరుఁడు కల్యాణకటకమును వీడి సంగమేశ్వరమునకుఁ జనెను, రాజు హతుఁడయ్యెను, కటకము పాడయ్యెను. రెండవ కావ్యమున వెలనాటి రాజు మల్లికార్జున పండితుని కన్నులు దీయించెను. పండితుఁడు శివానుగ్రహమునఁ జూపు వడసి, ఆ రాజ్యమును శపించి, శ్రీశైలమునకుఁ బయనమయ్యెను. రెండు తావులను నష్టము రాజ్యమునకే కాని వెడలినవానికిఁ గాదు. వానికి భక్తగణమే స్వదేశము. హింసించిన రాజే దోషి యని తీర్పు చెప్పుట కవి ఘనత.

అయినను, కటకనాశమును గవి పాపఫలముగాఁ జెప్పి విడిచెను. అందు నిలువనీడ గోల్పోయిన సామాన్యుని గోడు కావ్యవస్తువు కాలేదు. నేఁడు విచారింపవలసినది యా సామాన్యునిఁ గూర్చియే. ఏ రాజ్యమును దన చట్టము ననుసరించి పౌరునిగా నెంచనివాఁడు దేశహీనుఁడని 1954 నాఁటి అంతర్జాతీయ సంధి నిర్వచించెను.

ఇట్టి దశ యెట్లు దాపురించునో బర్మాకు వలసపోయిన తెలుఁగువారి చరిత్రము తెలుపును. వారు రంగూను రేవునందును ధాన్యపు మరలందును బనిచేసి బ్రదికిరి. 1937లో బర్మా భారతదేశమునుండి వేఱుపడెను. 1942లో జపాను దండయాత్రకు వెఱచి లక్షలకొలఁది భారతీయులు వెడలిపోయిరి. అడవిత్రోవల మడిసినవారు వేలకొలఁది. 1962లో సైనికాధిపత్యము నెలకొనఁగా, 1964 మొదలు మరల ననేక కుటుంబములు తిరిగివచ్చెను. 1982 నాఁటి చట్టము పౌరులను మూఁడు తరగతులుగా విభజించెను. కడపటి తరగతిఁ జేరఁగోరువారు 1948 జనవరి 4కుఁ బూర్వమే తామో తమ పెద్దలో అచట నివసించినట్లు తిరుగులేని నిదర్శనము చూపవలసివచ్చెను. పత్రము లేనివానికి శపించు శక్తి లేదు. చేరుటకు శ్రీశైలమును లేదు.

కావున దేశత్యాగము వేఱు, దేశహీనత వేఱు. మొదటిది మనుష్యుఁడు రాజ్యమును విడుచుట. రెండవది రాజ్యము మనుష్యుని విడుచుట. భక్తునకు దేశముతోఁ బనిలేదను సూక్తిని సోమనాథుని కావ్యములనుండి తీసి నిరాశ్రయునకు బోధించుట సరసము కాదు. ఆ కావ్యములనుండి గ్రహింపవలసినది రాజదోషమును నిర్భయముగాఁ బలుకు ధైర్యమే.