నీరు పల్లమెరుగు, నూనె కర్రనెరుగు

దసరాకు పోలీసు ఆయుధాగారాల్లో ఆయుధపూజ చేస్తారు. మరునాడు బొట్లు తుడిచే పని ఒకటి మిగులుతుంది. ఇనుము మీది కుంకుమ ఒక్క గుడ్డపీలికతో పోతుంది. కర్ర మీదిది అంత తేలిగ్గా పోదు. చేతి చెమ్మ తగిలితే చాలు, ఆ ఎరుపు అక్రోటు కర్ర సన్నటి రంధ్రాల్లోకి దిగి కూర్చుంటుంది. పైనుంచి పెట్టిన బొట్టే ఇంత లోతుకు ఇంకితే, తుపాకి గొట్టంలోంచి ఏళ్ల తరబడి కారే నూనె ఎంత లోతుకు పోతుందో చెప్పక్కర్లేదు.

పాత రైఫిల్ కర్ర నల్లబడి మెత్తబడిందంటే వానదో ఎండదో తప్పనుకుంటారు. చాలాసార్లు దోషి ఆ తుపాకిని శ్రద్ధగా తుడిచిన మనిషే. గొట్టం మెరవాలని కిరసనాయిలో, సాల్వెంటో, నూనెనో ధారాళంగా పోస్తాడు. పని కాగానే మూతి పైకి, మడమ కిందికి పెట్టి గోడకు ఆనిస్తాడు. గొట్టంలో మిగిలినదంతా రాత్రికి రాత్రి వెనక్కి జారి, ఇనుమూ కర్రా కలిసే సందులో చేరుతుంది.

కొనకనమిట్ల, పొదిలి, మార్కాపురం మెట్ట పొలాల్లో నీటివాలు సంగతి రైతుకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. తుపాకి శుభ్రం చేయడంలోనూ సగం విద్య ఆ వాలే. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట కాపలా కోసం రైతుకు ఇవ్వదగిన ఆయుధంగా మూతి నుంచి మందు దట్టించే తుపాకిని పేర్కొంది. (లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవిపందిని కాల్చవచ్చని కాదు, దానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేరే ఉంది.) ఈ తుపాకిలో నల్ల తుపాకిమందు కాలాక మిగిలే మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. దానికి విరుగుడు వేడినీళ్లు. చిక్కు కూడా ఆ నీళ్లతోనే.

మందు దట్టించే కడ్డీకి, అంటే గజానికి, గుడ్డ చుట్టి గొట్టంలో పైకీ కిందికీ ఆడిస్తే, నిప్పు టోపీ పెట్టే మొన రంధ్రంలోంచి నల్లటి నీళ్లు పిచికారీలా చిమ్ముతాయి. పడేది నేరుగా కర్ర మీదే. కట్లు ఊడేలా ఉంటే వాటిని విప్పి, గొట్టాన్ని విడిగా తీసి, అడుగు భాగం బకెట్లో ముంచి గజం ఆడించడం అన్నిటికంటే మంచిది. గుడ్డ పైకి లాగినప్పుడు నీరు ఆ రంధ్రం గుండా లోపలికి వస్తుంది, కిందికి తోస్తే బయటికి పోతుంది. గొట్టం ఊడిరాకపోతే, మొనకు సన్నని రబ్బరు పైపు తొడిగి రెండో కొసను బకెట్లో వేస్తే సరిపోతుంది. కర్రకు ఒక్క చుక్క తగలదు.

ఇదే చిక్కును పెద్ద ఎత్తున ఎదుర్కొన్న తుపాకి పాయింట్ 303 లీ ఎన్‌ఫీల్డ్. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలోనూ తయారైన ఈ రైఫిల్ తరాల తరబడి మన పోలీసుల భుజాన ఉంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 కవాతుతో గానీ దానికి వీడ్కోలు చెప్పలేదు. దాని పాత తూటాల్లో నిప్పు పుట్టించే మందు పేలాక గొట్టంలో పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పును వదిలేది. ముసురులో ఉప్పుడబ్బా చెమ్మగిల్లినట్టే ఆ ఉప్పూ తేమ లాగి తుప్పు పట్టిస్తుంది. నూనెలో ఉప్పు కరగదు కాబట్టి మరిగిన నీళ్లే గతి. ఐదారు పింట్లు, అంటే దాదాపు 3 లీటర్లు పోయమనేవారు.

అంత నీరు కర్రకు తగలకుండా పోయడం ఎలా? సైన్యం ఇందుకోసం ఒక గరాటు చేయించింది. బోల్ట్ తీసేసి, గరాటు ముక్కును తూటా కూర్చునే గదిలోకి దింపి, రైఫిల్ మూతిని నేలవైపు వంచి పోస్తారు. నీరు ముక్కులోంచి నేరుగా గొట్టంలోకి జారి మూతి దగ్గర బయటపడుతుంది. వంటింటి గరాటుకు తమ్ముడు లాంటి ఆ రేకు ముక్క కాపాడిన కర్రలు ఎన్నో. వేడెక్కిన గొట్టం తనంతట తానే ఆరిపోవడం అదనపు లాభం.

తరవాత పుల్‌త్రూ. ఒక కొసన ఇత్తడి బరువు, రెండో కొసన గుడ్డ పట్టే ఉచ్చులు ఉండే తాడు ఇది. మామూలుగా మడమలోని చిన్న అరలో నూనె సీసాతో పాటు ఉంటుంది. 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పున్న గుడ్డముక్కను ఎన్‌సీసీ పిల్లలు ఇప్పటికీ చిందీ అంటారు. బరువును వెనకనుంచి జారవిడిచి మూతి నుంచి లాగాలి. అప్పుడు మురికి కర్రకు దూరంగా పోతుంది. లాగేటప్పుడు తాడు వంకరగా పోతే మూతి అంచును ఒరుసుకుని అరగదీస్తుంది. బావి గిలకకు తాడు గాడి పెట్టడం చూసినవాళ్లకు ఈ మాట వింతగా ఉండదు.

కర్ర మెత్తబడితే కలిగే నష్టం అందానికే పరిమితమైతే ఇంత రాయాల్సిన అవసరం లేదు. తూటా పేలినప్పుడు ఇనుము వెనక్కి తన్నుతుంది. లీ ఎన్‌ఫీల్డ్‌లో ఆ తన్నును ముందుకర్ర వెనక కొసన ఉన్న రెండు చిన్న చెక్కుళ్లు కాచుకుంటాయి. నూనె తాగి అవి మెత్తబడితే ఇనుము ప్రతి దెబ్బకూ కాస్త కదులుతుంది, గురి చెదురుతుంది. ఆస్ట్రేలియాలోని లిత్‌గో ఫ్యాక్టరీ అక్రోటుకు బదులు కోచ్‌వుడ్ వాడినప్పుడు, సరిగ్గా ఆ చోట రాగి రేకులు బిగించింది.

ఇప్పటి తూటాల్లో ఆ ఉప్పు బెడద చాలావరకు పోయింది. సాల్వెంట్లు మాత్రం మిగిలాయి. 1903 నుంచి వస్తున్న హాప్పేస్ నంబర్ 9 లాంటివి మసిని కరిగిస్తాయి. రాగి మరకలు తీసే అమోనియా రకాలు కర్ర మీది లక్కనూ, వార్నిష్‌నూ కూడా వదిలిపెట్టవు. అందుకే పద్ధతి తెలిసినవాళ్లు ముందు తూటా లేదని కళ్లతోనూ వేలితోనూ చూసుకుంటారు. మూతి కాస్త కిందికి వాలేలా తుపాకిని పడుకోబెట్టి, వెనకనుంచి కడ్డీ నడిపేందుకు దారి చూపే గొట్టం ఒకటి దూరుస్తారు. ఇనుమూ కర్రా కలిసే సందు చుట్టూ పాత నూలుగుడ్డ చుడతారు. సాల్వెంట్‌ను గొట్టంలో పోయరు, గుడ్డకు తడుపుతారు. అది కూడా పిండితే చుక్క రాలనంత.

అప్పటికే నూనె తాగిన కర్రకు ఒక పాత వైద్యం ఉంది. ఇనుమంతా విప్పేసి, సుద్దపొడిని ముద్దగా కలిపి నల్లబడిన చోట పట్టించాలి. ఆరేకొద్దీ సుద్ద నూనెను పైకి లాగి పసుపుపచ్చగా మారుతుంది. గీరేసి మళ్లీ పట్టించాలి. పలకల ఊరు మార్కాపురం పక్కనే ఉందని బలపాలు నూరితే పని జరగదు, కావలసింది మెత్తని సుద్దే. నూనె బాగా పోయాక పలచగా అవిసె నూనె రుద్దుతారు. అది మిగతా నూనెల్లా జిడ్డుగా ఉండిపోదు, గాలి తగిలి గట్టిపడి పొరకడుతుంది. ఆ గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆరేటప్పుడు పుట్టే వేడికి దానంతట అదే అంటుకోగలదు. తీగమీద పరిచి ఆరేయాలి.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు చాలావరకు పోలీసు స్టేషన్‌కు చేరతాయి. ఫలితాలు వచ్చేదాకా అవి అక్కడ నిలబడే ఉంటాయి, మామూలుగా మడమ మీదే. తుప్పు పడుతుందన్న భయంతో గొట్టం నిండా నూనె పోసి అప్పగించిన తుపాకి, ఇంటికి వచ్చేసరికి మెడ దగ్గర నల్లటి మచ్చతో వస్తుంది. తెలిసిన రైతు ముందురోజే నూనెగుడ్డ ఒకసారి లాగి, వెనకే పొడిగుడ్డ ఇంకోసారి లాగుతాడు. రాత్రంతా తుపాకిని మూతి కిందికి పెట్టి, దాని కింద మడిచిన గోనెపట్టా వేస్తాడు. తెల్లారి పట్టా మీద రూపాయి బిళ్లంత నూనె మరక కనబడ్డాకే తుపాకి తీసుకుని స్టేషన్‌కు బయల్దేరతాడు.